జూ పార్కు వెనక గోడ

1984 జనవరిలో మన బడి నుంచి పదో తరగతి వాళ్లం రెండు ఎర్ర బస్సుల్లో హైదరాబాదు ఎక్స్‌కర్షన్ వెళ్లాం. ఆ బ్యాచ్ మిత్రులకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి చలిలో బడి గేటు ముందు నిలబడ్డాం. ఇళ్ల నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లాలు చౌటుప్పల్ దాటకముందే ఖాళీ అయ్యాయి. రెండు రోజుల్లో చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిరం, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ, చివరగా జూ పార్కు. ఊరికి తిరిగొచ్చాక నెల రోజులు మేం చెప్పుకున్న కబుర్లన్నీ ఈ అయిదింటి గురించే.

జూ పార్కులో జరిగిన ఒక చిన్న సంగతి మాత్రం నాకు చాలా ఏళ్లకు గానీ గుర్తు రాలేదు. అందరం జంతువుల చుట్టూ మూగి ఉన్నాం. మన సోషల్ సార్ వెనక నుంచి, "అరే, అటు గోడ చూడుండ్రి. అది ఉత్త గోడ కాదు" అన్నారు. ఒక్కరం కూడా తల తిప్పలేదు. ఆ సింహం అప్పుడు నిద్రపోతోంది, అది వేరే విషయం. సార్ ఒక నిమిషం చూసి, ఇక లాభం లేదని, లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి మా తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆరేళ్ల తర్వాత ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఆనకట్టల పాఠం జరుగుతోంది. ప్రొఫెసర్ బోర్డు మీద వరుసగా సగం గుండ్రాలు గీసి, ఇది బహుళ కమాను ఆనకట్ట, దీనికి ఉదాహరణ హైదరాబాదులోని మీర్ ఆలం చెరువు, జూ పార్కు పక్కనే ఉంది, ప్రపంచంలో ఈ రకం తొలి కట్టడాల్లో ఒకటి అన్నారు. నాకు ఒక్కసారి సింహం, సార్ గొంతు రెండూ గుర్తొచ్చాయి. ఆ ఆదివారమే బస్సెక్కి బహదూర్‌పురా వెళ్లాను.

ఇంజనీరింగ్ చదవని మిత్రుల కోసం ఆ కట్టలో ఏముందో చెబుతాను. మామూలు చెరువుకట్ట తన బరువుతో నీటిని ఆపుతుంది. అందుకే అడుగున అంత వెడల్పుగా ఉంటుంది. మీర్ ఆలం కట్ట అలా ఆపదు. మన ఇళ్లలో తలుపు మీద కమాను ఉంటుంది చూడండి, దాన్ని నేల మీద పక్కకు పడుకోబెట్టి, వీపు నీటివైపు తిప్పినట్టు ఊహించండి. అలాంటి కమానులు 21 వరుసగా, ఒకదాని భుజం ఇంకొకటి పట్టుకున్నట్టు నిలబెట్టారు. రెండు కమానుల మధ్య బలమైన రాతి దిమ్మె ఉంటుంది. నీరు ఎంత నెడితే రాళ్లు ఒకదానికొకటి అంత గట్టిగా ఒత్తుకుంటాయి. ఆ ఒత్తిడి కమాను చివరలకు, అక్కడి నుంచి దిమ్మెలోకి, దిమ్మె నుంచి నేలలోకి దిగిపోతుంది. రాయి, డంగు సున్నం లాగితే విడిపోతాయి, నొక్కితే తట్టుకుంటాయి. ఆ కట్ట కట్టినవాళ్లు రాయిని లాగే అవసరమే రాకుండా చూసుకున్నారు. కోడిగుడ్డును రెండు కొసలూ పట్టుకొని నొక్కి చూడండి, సంగతి అర్థమవుతుంది. (తరగతి గదిలో మాత్రం ప్రయత్నించవద్దు. మన బడిలో ఒకరు ప్రయత్నించారు.)

కమానులన్నీ ఒకే కొలత కావు. చిన్నవి 70 అడుగులు, పెద్దవి 150 అడుగుల దాకా ఉంటాయి. లోతైన చోట ఎత్తు 40 అడుగులు. వరద ఎక్కువైనప్పుడు నీళ్లు గోడ మీదుగా పొర్లిపోయినా అది చెక్కుచెదరలేదు. మొదలుపెట్టింది 1804లో, పూర్తయింది 1806లో. ఇంచుమించు రెండేళ్లు! కంప్యూటర్, క్రేన్, సిమెంటు ఉన్న నేను ఒక ఫ్లైఓవర్ కింద నాలుగేళ్లు గడిపాను కాబట్టి ఈ మాట కాస్త సిగ్గుతోనే రాస్తున్నాను. ఉస్మాన్‌సాగర్ వచ్చేదాకా నగరానికి తాగునీరు ఇచ్చిన పెద్ద చెరువు ఇదే. ఇప్పుడు చాలా నెలలు గుర్రపుడెక్కతో పచ్చగా కప్పుకొని ఉంటుంది. దూరం నుంచి చూసినవాళ్లు మైదానం అనుకుంటారు.

మీర్ ఆలం ఎవరని వెతకబోతే నాకు ఒక కాలమే చేతికొచ్చింది. అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. నిజాం తరఫున ఇంగ్లీషువాళ్లతో మంతనాలు నడిపిన మనిషి. 1799లో టిప్పు సుల్తాన్ మీద జరిగిన ఆఖరి యుద్ధంలో నిజాం సేనలతో శ్రీరంగపట్నం వెళ్లాడు. అక్కడ తన వాటాకు వచ్చిన డబ్బుతోనే ఈ చెరువు కట్టించాడని చెబుతారు. 1804లో దివాన్ అయ్యాడు, 1808లో పోయాడు. అంటే శ్రీరంగపట్నం సొమ్ము హైదరాబాదు వాళ్ల కడవల్లోకి నీరై వచ్చింది. చరిత్రలో మంచిచెడ్డలు విడదీయడం మన సోషల్ సార్ పరీక్షలో ఇచ్చే జతపరచుము ప్రశ్న అంత సులువు కాదు.

ఆ కాలం మనుషులే ఇంకో ఇద్దరు నగరంలో మిగిలి ఉన్నారు. ఒకాయన మూసారాంబాగ్ గుట్ట మీద ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వైపు రోజూ మెట్రోలో వెళ్లే లక్షల మందిలో ఆ స్టేషన్ పేరు ఒక ఫ్రెంచివాడిదని ఎంతమందికి తెలుసు? మిషెల్ జోవాకిం మారీ రేమాండ్ 1755లో ఫ్రాన్సులో పుట్టి, నిజాం అలీఖాన్ సైన్యంలో ఫ్రెంచి పద్ధతి పటాలాలను తయారుచేశాడు. గన్‌ఫౌండ్రీ అని మనం పిలిచే చోట ఫిరంగులు పోయించింది ఆయనే. 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలాల చేత ఆయుధాలు దింపించారు. మసియే రేమాండ్ కాస్తా జనం నోట్లో ముస్లిములకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయ్యాడు. చనిపోయిన రోజున చాలా ఏళ్లు ఉరుసు కూడా చేశారట. సమాధి నల్లరాతి కోణస్తంభం, మీద జె, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, అంతే. పక్కనున్న స్తంభాల మంటపం వానలకు కూలితే మళ్లీ కట్టారు. గుట్ట మీద సాయంత్రం గాలి బాగుంటుంది. పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, బంతి చూసుకోవాలి.

రెండో ఆయన కోఠీలో ఉన్నాడు. ఆయనే ఆ పటాలాలను దింపించిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఉమెన్స్ కాలేజీ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు పోయి ఉంటారు, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. లోపల ఆరు ఎత్తయిన స్తంభాలతో, మెట్లకు అటూ ఇటూ సింహాలతో ఉన్న బంగళాయే పాత బ్రిటిష్ రెసిడెన్సీ. 1803లో కట్టడం మొదలైంది. డబ్బు నిజాముది, దర్పం కంపెనీది, గీత మద్రాసు ఇంజనీర్లలోని శామ్యూల్ రసెల్‌ది. కిర్క్‌పాట్రిక్ మీర్ ఆలం బంధువుల అమ్మాయి ఖైరున్నిసాను పెళ్లాడాడు. పరదాలో ఉండే ఆమె బయటికొచ్చి బంగళాను ముందునుంచి చూడలేదు కాబట్టి, ఆమె చూడటానికి ఆ బంగళాకు ఒక చిన్న నమూనా తోటలో కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. కిర్క్‌పాట్రిక్ మాత్రం తను కట్టించిన భవనంలో ఎక్కువ రోజులు ఉండలేదు, 1805లో కలకత్తాలో పోయాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకొని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. ఆ స్మారకం కోఠీ బస్టాండు దగ్గర ఉంది. దాని నీడలో చార్జర్లు, చెవి తీగలు అమ్ముతుంటారు. లోపలికి వెళ్లాలంటే అనుమతి అడగాలి. మా అమ్మాయి అక్కడ చదువుకోబట్టి నేను తల్లిదండ్రుల సమావేశం పేరుతో చూసేశాను.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. బట్టల దుకాణాల మధ్య వెతుక్కోవాలి. 1901 సెప్టెంబరు 1న, బడుల్లో, కచేరీల్లో తెలుగుకు చోటు లేని రోజుల్లో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు అందుకు పూనుకున్నవాళ్లు. 1921లో సొంత భవనం వచ్చింది. చార్మినార్‌కు వెళ్లే తెలుగువాళ్లలో వందకు ఒక్కరైనా ఇక్కడికి వస్తే బాగుండు అనిపిస్తుంది. మన బడి లైబ్రరీ బీరువా తాళం పోయి రెండేళ్లు ఎవరూ తెరవని సంగతి ఇక్కడ ఎత్తను.

ఇక చింతచెట్టు. నగరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ విలువైన స్మారకం ఏదంటే ఇదే చెబుతాను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, మూసీ వైపున ఉంది. అప్పట్లో అది అఫ్జల్ పార్కు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. పదిహేను వేల మంది పోయారని లెక్క. అఫ్జల్ గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన తెగిపోయాయి. నిలిచింది ఒక్క పురానాపూల్. అది 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించినది, అంటే చార్మినార్ కంటే పెద్దది వయసులో. ఆ వరదలో ఈ చెట్టు కొమ్మలు పట్టుకొని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును ఆ నీళ్లలోనే పోగొట్టుకొని ఒక్కడే బయటపడ్డాడు.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. పైన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపుదాం అన్న ఆలోచన నుంచి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం వాటిని గండిపేట, పిక్నిక్, బోటింగ్ అనుకుంటాం. అసలవి నీళ్లు దాచడానికన్నా ముందు మనుషులను కాపాడటానికి పుట్టినవి. చెట్టు కింద ఇప్పుడు రోగుల బంధువులు చాప పరుచుకొని పడుకుంటారు, టిఫిను డబ్బాలు విప్పుకుంటారు. నేను వెళ్లిన రోజు ఒక ముసలమ్మ కొంగు నేల మీద పరుచుకొని రాలిన చింతాకు ఏరుతోంది. ఈ చెట్టు కథ తెలుసా అమ్మా అని అడిగాను. "తెలవదు బిడ్డా, నీడ బాగుంటది" అంది.

ఆ వరద ఇంకో చోట గీసిన గీత కూడా చూడవచ్చు. చార్మినార్ నుంచి మదీనా వైపు వచ్చే దారికి దగ్గరలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టిన కులీ కుతుబ్‌షాయే 1590లలో దీన్ని మొహర్రం ఆలములు నిలపడానికి కట్టించాడు. 1611 నాటి మెరిసే రంగు పలకలు గోడల నిండా ఉన్నాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో పీర్ల ఆకారాలు, తీగలు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా నిన్న కాల్చి అతికించినట్టు ఉంటాయి. గోడ కింది భాగం జాగ్రత్తగా చూడండి. వరద నీరు నిలిచి పలకలు పాడైన చోట అవే బొమ్మలను రంగులతో వేశారు. పలక ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో గమనిస్తే ఆ రోజు నీరు ఎంత ఎత్తు వచ్చిందో తెలుస్తుంది. ఔరంగజేబు కాలంలో దీన్ని బండ్లు పెట్టుకునే కొట్టంగా కూడా వాడారు. మన పీర్ల పండుగకు ఊళ్లో కుల మత భేదం లేకుండా అందరం నిప్పుల గుండం చుట్టూ చేరేవాళ్లం కదా, ఆ జ్ఞాపకంతో వెళ్లండి. చెప్పులు విప్పి, పెద్దగా మాట్లాడకుండా.

పైగా టోలీ మసీదు, రాంబాగ్ దేవాలయం, 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన బేగంపేట బంగళా కూడా ఉన్నాయి. అన్నీ రాస్తే సంపాదకవర్గం మిత్రులు నా వ్యాసాన్నే కత్తిరిస్తారు. ఒక బావి గురించి మాత్రం చెప్పాలి. నిజానికి రెండు బావుల గురించి.

మొదటిది సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో ఉంది. పాత రాతి మెట్లబావి, లోతు 53 అడుగులు. దశాబ్దాల పాటు చెత్త పోసి పోసి నేలతో సమం చేశారు. దాని మీద నడిచినవాళ్లకే అక్కడ బావి ఉందని తెలియదు. ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ, నగరపాలక సంస్థ కలిసి వేల టన్నుల చెత్త తోడారు. తోడుతూ తోడుతూ పోతే అడుగున ఊట ఇంకా బతికే ఉంది. 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మెట్ల మీద కూర్చుని లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పి వల్ల కాదు.

రెండో బావి ఇప్పుడు లేదు. 1996లో నేనొక కాంట్రాక్టు సంస్థలో సైటు ఇంజనీరును. నగరం అంచున రోడ్డు వెడల్పు చేసే పని. అలైన్‌మెంటులో ఒక మెట్లబావి అడ్డొచ్చింది. రాతి కమాను, లోపలికి దిగే మెట్లు, అడుగున ఆకుపచ్చ నీరు, గోడల్లో పావురాలు. డ్రాయింగులో దాన్ని గుండ్రంగా చుట్టి 'పనికిరాని బావి, పూడ్చవలెను' అని రాసి సంతకం పెట్టింది నేనే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. రోడ్డును ఆరు మీటర్లు జరిపితే సరిపోయేది, ఆ మాట అప్పుడు నాకూ తెలుసు. జరిపితే కాగితాలు మళ్లీ తిరగాలి, బిల్లు ఆలస్యమవుతుంది. టిప్పర్లు వచ్చి మూడు రోజులు మొరం పోశాయి. మొదటి రోజు పావురాలు లేచి సాయంత్రం దాకా పైన తిరిగాయి. మూడో రోజు రోలరు నడిపించాం. ఆ రోడ్డు మీద ఇప్పటికీ వెళుతుంటాను. ఆ చోట ప్రతి వానాకాలం తారు కుంగుతుంది, వాళ్లు ప్రతి ఏడాదీ అతుకు వేస్తారు. ఎందుకు కుంగుతుందో వాళ్లకు తెలియదు.

రెండేళ్ల క్రితం సోషల్ సార్ కంటి శుక్లం ఆపరేషన్‌కని నగరానికి వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఎనభై మూడేళ్లు. నల్లద్దాలు, చేతికర్ర. డాక్టరు బయట తిరగొచ్చన్న రోజే మీర్ ఆలం దగ్గరికి తీసుకెళ్లాను. ఆ ఎక్స్‌కర్షన్ సంగతి గుర్తుచేసి, మీరు ఆ రోజు చెప్పబోయింది ఈ కట్ట గురించే కదా సార్ అన్నాను. సార్ నవ్వారు. "నాకేం తెలుసయ్యా అప్పుడు? పుస్తకంలో మీర్ ఆలం పేరొక్కటే ఉండె. ఆ గోడ వంకర వంకరగా ఎందుకున్నదో మీలో ఎవడన్న అడుగుతడేమోనని అన్న. అడిగితే ఇద్దరం కలిసి తెలుసుకుందుము."

కమాను ఎట్లా బరువు మోస్తుందో నేను చెప్పాను. పదో తరగతిలో మేం విన్నదానికన్నా శ్రద్ధగా విన్నారు. కర్రతో చూపిస్తూ కనిపించినన్ని కమానులు లెక్కపెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు కారు ఆ కుంగే చోటు మీదుగా వచ్చింది. ఎవరికీ చెప్పని ఆ బావి సంగతి అక్కడ చెప్పాను. సార్ కాసేపు మాట్లాడలేదు. తిడతారనుకున్నాను.

"ఎన్ని మెట్లుండె?" అన్నారు.

"లెక్కపెట్టలేదు సార్."

"ఫొటో?"

"లేదు సార్."

"అయితే గుర్తున్నంత రాసిపెట్టు. బొమ్మ గీయి. నువ్వు ఇంజనీరువే కదా."

గీశాను. కమాను వెడల్పు, మెట్ల వరుస, పావురాల గూళ్లు, గుర్తున్నంత మేరకు. ఆ కాగితం సార్ తమ వెంట ఊరికి తీసుకెళ్లారు. మన బడి సోషల్ గదిలో ఆయన వదిలివెళ్లిన పటాల పక్కన పెట్టించారని విన్నాను. స్వర్ణోత్సవానికి వచ్చినప్పుడు చూడాలి.

హైదరాబాదు వచ్చే మిత్రులు ఆదివారం ఉదయం ఖాళీ ఉంచుకోండి. ఆరున్నరకు బయలుదేరితే ఎండెక్కేలోగా రేమాండ్ గుట్ట, చింతచెట్టు, ఆషుర్‌ఖానా, మీర్ ఆలం నాలుగూ చూడవచ్చు. మధ్యలో మదీనా దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ నా ఖర్చు. సార్ వచ్చే నెల రెండో కన్ను ఆపరేషన్‌కు వస్తున్నారు. పురానాపూల్ ఇంకా చూడలేదట, దానికి ఎన్ని కమానులో ఆయనే లెక్కపెడతారట. ఈసారి కారులో ఇంకా ముగ్గురికి చోటుంది.